మా అన్న చెప్పిన జపాను కథ

మా అన్న ఆ పుస్తకాన్ని మొదటిసారి ఇంటికి తెచ్చినప్పుడు బైండింగు తప్పుపడ్డదనుకున్నడు. నిజామాబాద్ రైల్వే స్టేషను దగ్గర పాత పుస్తకాలమ్మే ఒక పెద్దమనిషి దగ్గర కొన్నడు. ఇంగ్లీషుల ఉన్న బొమ్మల పుస్తకం. మొదటి పేజీ తెరిస్తే కథ ఒడిసిపోయినట్టుంది, ఆఖరి పేజీ తెరిస్తే మొదలైనట్టుంది. అన్న అప్పుడు బస్టాండు పక్కన మొబైల్ రిపేరు షాపుల పనిచేస్తుండె. మరునాడు పనికి పోతూ పోతూ పుస్తకం వాపసు ఇయ్యబోయిండు. ఆ పెద్దమనిషి నవ్వి, "అరే బేటా, ఉర్దూ కితాబు లెక్క చదవాలె. కుడి దిక్కుకెల్లి రా. జపానోళ్ళది గిట్లనే ఉంటది" అన్నడట.

ఆ సాయంత్రం బోధన్‌ల మా ఇంటి వాకిట్ల గడంచె మంచం మీద కూసొని ఇద్దరం కుడికెల్లి ఎడమకు చదవడం నేర్చుకున్నం. నేనప్పుడు డిగ్రీ చదువుతున్న. అన్నకు నాకంటే ఇంగ్లీషు తక్కువ. కానీ బొమ్మను చదవడం మాత్రం నాకంటే ఎక్కువ వచ్చు. నేను మాటలు చదివేలోపల ఆయన నాలుగు పేజీలు ముందుకు పోయి, "ఆగు, ఇప్పుడు చూడు ఏమైతదో" అనేటోడు.

కథ చెప్తే చిన్నదే. పొగమంచు ఒక సముద్రం. దాని మీద తేలే దీవులు. మంచుల మునిగిన ఊర్లకు ఉప్పు అందకపోతే అక్కడి మనుషులు మెల్లమెల్లగ రాయి అయిపోతరు. వీపు మీద ఉప్పు మూట మోసుకుంటూ దీవి నుంచి దీవికి పోయే ఒక పిల్ల, ఆమె వెంట రెక్క విరిగిన ఒక ముసలి డేగ. డేగకు దారి తెలుసు గానీ ఎగరలేదు. పిల్లకు కాళ్ళున్నయి గానీ దారి తెల్వది. ఇద్దరు ఎప్పుడూ కొట్లాడుకుంటనే ఉంటరు. జపానుల ఆ కథ ఏండ్ల నుంచి భాగాలు భాగాలుగ వస్తనే ఉందట. మాకు దొరికినవి వరుసగ కూడా దొరకలే. మొదటి భాగం తర్వాత ఐదోది, తర్వాత మూడోది. నడుమ ఏమైందో అన్న తనకు తోచినట్టు అల్లి చెప్పేటోడు. తర్వాత ఆ భాగం దొరికినప్పుడు చూస్తే అన్న చెప్పిందే బాగున్నట్టు అనిపించేది.

"గీ డేగ మన బాపు లెక్కనే ఉన్నది చూడు" అన్నడొకసారి.

నిజమే. బాపు ఒకప్పుడు చెరుకు రైతు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డంక రెంజల్ దారిల ఉన్న మా పొలమంత వరికి వచ్చింది. అయినా ఆయన నోట్ల ఇప్పటికీ చెరుకే. చలి మొదలైతే "క్రషింగు షురువయ్యే కాలం" అంటడు. మమ్మల్ని తిట్టాలన్నా, పొగడాలన్నా చెరుకు కాడికే వస్తడు.

కొన్నాళ్ళకు ఆ కథ కార్టూనుగ ఫోన్ల దొరికింది. ఇంకా కొన్నాళ్ళకు తెలుగుల కూడా వచ్చింది. అవ్వను కూసోబెట్టి చూపించినం. మా దిక్కు అమ్మనే అవ్వ అంటం. ఆ ఉప్పు పిల్ల నోరు తెరిచి, "నేను వెళ్ళవలసిన దారి ఎంతో దూరముంది, డేగ తాతా" అన్నది. అవ్వ నా మొఖం చూసి, "ఈ పిల్ల బడిల పంతులమ్మనా?" అన్నది. అన్న పడిపడి నవ్విండు. ఫోను సప్పుడు బందు చేసి, అందరి మాటలూ తనే చెప్పుడు మొదలువెట్టిండు. "ఓ తాతా, ఇంకెంత దూరమే? నా నడుము ఇరిగిపోతుంది!" అని పిల్ల గొంతుతోని. "సప్పుడు సెయ్యక నడువు పోరీ" అని డేగ గొంతుతోని. అవ్వ బియ్యంల రాళ్ళు ఏరుడు ఆపి, "గంత చిన్నపిల్ల వీపు మీద గంత మూట మోపినోడు మనిషేనా?" అని నిజంగ బాధపడ్డది. ఆనాటి నుంచి మా ఇంట్ల ఆ కార్టూను ఎప్పుడూ సప్పుడు లేకుంటనే ఆడింది.

తర్వాత అన్న మస్కట్ పోయిండు. మా దిక్కు గల్ఫుల ఏ దేశమైనా దుబాయే. జక్రాన్‌పల్లి, ఆర్మూరు దిక్కు చూసినా, బోధన్ దిక్కు చూసినా, దుబాయిల మనిషి లేని గల్లీ ఉండదు. అన్నతోని చదువుకున్నోళ్ళు చానామంది అప్పటికే అక్కడున్నరు. సొంతంగ మొబైల్ షాపు పెట్టుకోవాల్నని అన్నకు ఆశ. పోయి వస్తే అయితదనుకున్నడు. ఎలక్ట్రీషియను పనని పోయిండు. అక్కడ బిల్డింగుల మీద పైపులు మోసుడు పెట్టిండ్రు. అది నాకు చానా రోజులకు గానీ చెప్పలే.

ఆయన పోయినంక ఆ కథ మీదనే ఒక ఆట వచ్చింది, ఫోన్ల ఆడేది. ఎవరికి వాళ్ళు ఒక మనిషిని తయారు చేసుకొని, ఇద్దరిద్దరుగ ఉప్పు మూట మోసుకుంటూ దీవులు దాటాలె. మధ్యమధ్యల మంట కాచుకునే జాగలుంటయి. అక్కడ కూసుంటే మాట్లాడుకోవచ్చు, రాసుకోవచ్చు. మస్కట్‌ల వాట్సాప్ కాల్ పోదు. మామూలు కాల్ అంటే ఎంతసేపు మాట్లాడగలుగుతం? అన్ననే చెప్పిండు, "ఈ ఆట తెరువు, దీంట్ల మాట పోతది" అని. గట్ల మా ముచ్చట్లన్నీ ఆ మంట కాడికి వచ్చినయి. శుక్రవారం అక్కడ సెలవు. పొద్దున ఛాయ్ తాగి నేను ఆట తెరిచేటిదాన్ని. అవ్వ పక్కన కూసొని, "వాన్ని అడుగు, ఏం తిన్నడు?" అని అడిగేది. ఫోను ఆమె మొఖం ముంగట పెడితే, ఆటల ఉన్న బొమ్మను చూసుకుంట, "గీడ మంట మంచిగుంది బిడ్డా" అనేది.

ఆటల అన్న తీరు అన్నదే. ముందు ఉరుకుతడు. నేను వంతెన ఎక్కేలోపల అవతలి ఒడ్డున ఉంటడు. మూట నా మీదనే పడేసి, "నువ్వు మోయవే, నేను ముందు ఏమున్నదో చూసొస్త" అంటడు.

ఆ నడుమ బాపుకు గుండె నొప్పి వచ్చింది. నిజామాబాద్‌ల పెద్ద దవాఖాన్ల స్టెంటు వేసిండ్రు. ఆ సంగతి అన్నకు చెప్పినప్పుడు ఆటల ముక్కు చీదుకున్నట్టు వినబడ్డది. "బాపును పొలం కాడికి పోనియ్యకుండ్రి" అన్నడు. "బాపు ముంగట ఏ ముచ్చటా గట్టిగ చెప్పకుండ్రి."

నేను బీఎడ్‌ల చేరి బోధన్ నుంచి నిజామాబాద్ బస్సుల తిరుగుతున్న కాలం అది. ఒక శుక్రవారం అన్న గొంతు రాలే. రాత మాత్రం వచ్చింది. మైకు చెడిపోయిందని. సరే, బాగు చేసుకుంటడులే, ఇక్కడ చేసిందే ఆ పని కదా అనుకున్న. తర్వాతి వారం కూడా రాతే. మేము తెలుగును ఇంగ్లీషు అక్షరాలల్ల రాసుకుంటం. "ఎలా ఉన్నావు చెల్లి, భోజనం చేశావా" అని వచ్చింది. అన్న ఎప్పుడు రాసినా "ఎట్లున్నవే, తిన్నవా" అనే. రూముల ఆంధ్రోళ్ళున్నరని ఎప్పుడో చెప్పిండు. ఆ భాష అంటుకున్నట్టుంది అనుకొని నవ్వుకున్న.

అవ్వ మాత్రం నవ్వలే. "వాని గొంతు ఇనక ఎన్నొద్దులాయె. ఇంకోని ఫోనైనా అడుక్కోరాదా వాడు?" అన్నది.

తర్వాత "నాన్నగారు మాత్రలు వేసుకుంటున్నారా" అని వచ్చింది. మా ఇంట్ల బాపును నాన్నగారు అన్న మనిషి పుట్టలే. నేనా రాతను చూసుకుంటూ కూసున్న. ఇంకోసారి, నేను "జాగ్రత్తగుండు, పని కాడ పైకి ఎక్కకు" అని రాస్తే, "ఆయ్, అలాగే" అని జవాబు. మా అన్నైతే "సరే తియ్" అంటడు.

ఆట కూడా మారింది. అన్న బొమ్మ ఇప్పుడు ఉరుకుతలేదు. నా వెనక మెల్లగ వస్తుంది. వంతెన కాడ నేను దాటేదాక నిలబడుతుంది. నా మూట బరువైతే అడగకుంటనే వచ్చి తీసుకుంటుంది. మా అన్న ఏనాడూ నా కోసం ఆగినోడు కాదు. నాకు అప్పుడు భయం పట్టింది. ఆ నడిచేది ఎవరో మంచి మనిషని తెలుస్తుంది. కానీ అది మా అన్న కాదు.

అవ్వ అవతల బట్టలారేస్తుంది. నేను మంట కాడ కూసొని, "మీరెవరు?" అని రాసిన.

బొమ్మ మంటకు ఎదురుగ కదలకుండ కూసున్నది. కాసేపటికి బొమ్మ మాయమైంది.

మరునాడు నిజామాబాద్ బస్టాండుల బోధన్ బస్సు కోసం నిలబడ్డప్పుడు ఫోను మోగింది. మస్కట్ నంబరే గానీ అన్నది కాదు. మైకుల బస్సుల పేర్లు చెప్తుండ్రు. ఒక చెవి మూసుకొని విన్న.

"అమ్మా, మీరు చెల్లమ్మేనా? మీ అన్నయ్య రూములో ఉంటానండి. కార్పెంటర్ని. మాది కోనసీమ" అన్నడు. గొంతు పెద్దది, మనిషి వయసు మీరినట్టుంది. "నన్ను క్షమించాలి మీరు. నిన్న మీరు అడిగేక ఇంక దాచలేకపోయేను."

"మా అన్నకు ఏమైంది?" అని అడిగిన.

"బతికే ఉన్నాడమ్మా. ముందు అది వినండి. బతికే ఉన్నాడు."

అన్న బిల్డింగు మీద పని చేస్తుంటే సెంట్రింగు కర్ర జారి కిందపడ్డడు. తలకు దెబ్బ తగిలింది. ఆపరేషను చేసిండ్రు. కండ్లు తెరుస్తడు గానీ మనిషిని గుర్తుపట్టడు. అంబులెన్సుల తీసుకపోతున్నప్పుడు మాత్రం కొద్దిసేపు తెలివిలనే ఉన్నడట.

"నా చెయ్యి పట్టుకుని ఒకటే మాటండి. 'ఇంట్ల చెప్పకన్న, బాపు గుండె ఆగుతది' అని. నాకు బాపు అంటే ఎవరో కూడా అప్పుడు వెలగలేదు. తర్వాత అర్థమైంది, నాన్నగారని."

ఆయన నోట్ల మా మాట విని అక్కడనే సిమెంటు బల్ల మీద కూసున్న. బోధన్ బస్సు వచ్చింది, పోయింది.

"కంపెనీవాళ్ళు మీకు ఫోను చేశామన్నారండి. రాలేదా?"

"రాలే."

"అతని ఫోను నా దగ్గరుండిపోయింది. శుక్రవారం పొద్దున్నే ఆ ఆటలో మీరు పిలిచినట్టు శబ్దమొచ్చింది. తియ్యకపోతే మీరు కంగారు పడతారు. తీస్తే ఏం చెప్పను? మీ అన్నయ్య ఆడుతుంటే రోజూ పక్కన కూర్చుని చూసేవాణ్ణి. కొంచెం వచ్చు. అందుకని నేనే ఆడేను. ఇవ్వాళ లేస్తాడు, రేపు లేస్తాడు, లేచేక తనే మాట్లాడతాడు కదా అనుకున్నానమ్మా."

నాకు ఆయన మీద కోపం రావాలె. రాలే. మా బాపు మాత్రల గురించి ప్రతి వారం అడిగింది ఆయననే కదా.

ఇంటికి వచ్చి ముందు అవ్వకు చెప్పాల్ననుకున్న. పెరట్ల ఉంది. నేను "అవ్వా, అన్నకు" అని ఆగిన. ఆమె చేతిల గిన్నె కింద పెట్టి, "సచ్చిండా, ఉన్నడా? గదొక్కటి చెప్పు ముందుగాల" అన్నది.

"ఉన్నడు."

"ఉంటే చాలు. ఇగ మిగిలింది చెప్పు."

చెప్పిన. వెనక నిలబడి బాపు కూడా విన్నడని మాకు తెల్వలే. అంతమంది భయపడ్డ ఆయన గుండెకు ఏం కాలే. వచ్చి గడంచె మీద కూసున్నడు. "రానీ. ఎట్లున్నా రానీ. ఇంటికి రానీ" అన్నడు. ఆ ఒక్క మాటనే ఆ పూటంత అన్నడు.

అన్నను తెప్పించుడు తొందరగ కాలే. నిజామాబాద్‌ల గల్ఫు కార్మికుల కోసం తిరిగే ఒకాయనను పట్టుకున్నం. బాపు కాయిదాల కవరు చంకల పెట్టుకొని ఆయన వెంట ఆఫీసుల చుట్టూ తిరిగిండు. నేను వద్దంటే, "పొలం కాడికి పోవద్దంటిరి, గిది కూడ వద్దంటరా?" అని నా మీదికి లేసిండు. అక్కడ కార్పెంటరన్న పని అయినంక దవాఖానకు పోయి, అన్నకు తినిపించి, నాకు ఫోను చేసేటోడు. ఒకసారి, "ఇవ్వాళ నీళ్ళు అడిగేడమ్మా" అని ఏడిచిండు.

శంషాబాద్ విమానాశ్రయానికి బాపు, నేను జీపుల పోయినం. అన్నను చక్రాల కుర్చీల తోసుకొచ్చిండ్రు. తల మీద జుట్టు కొత్తగ మొలుస్తుంది, కుడి చెవి మీదికెల్లి పెద్ద మచ్చ. ఎడమ చెయ్యి ఒళ్ళె పడి ఉన్నది. బాపును చూడంగనే నవ్విండు. "బాపూ, గింత ముసలోడివైనవేంది?" అన్నడు. నన్ను చూసి, "ఏందే, నువ్వు గింత పెద్దగెప్పుడైనవ్?" అన్నడు. గుర్తుపట్టిండు!

కామారెడ్డి దాటినంక అడిగిండు, "బాపూ, మనం యాడికెల్లి వస్తున్నం?"

"దుబాయికెల్లి బిడ్డా."

"దుబాయికి ఎవలు పోయిండ్రు?"

బాపు నా దిక్కు చూసిండు. డ్రైవరు అద్దంల మా దిక్కు చూసిండు. అన్న మాత్రం కిటికీల నుంచి బయటికి చూసుకుంటూ, "రేపు షాపుకు పోవాలె, సేటు తిడుతడు" అన్నడు.

ఆయన యాదిల నుంచి మస్కట్ మొత్తం పోయింది. పోయే ముందు రోజుల నుంచి దవాఖాన్ల కండ్లు తెరిచేదాక ఏమీ లేదు. నిజామాబాద్‌ల నరాల డాక్టరు చూసి, "కొంత రావచ్చు, అసలు రాకపోవచ్చు. బలవంతంగ గుర్తుచేయకండి" అన్నడు. ఫిట్స్ రాకుండ గోళీలు రాసిండు. ఫోను, టీవీ తక్కువ చూడాలన్నడు.

నేను ఆగలేకపోయిన. ఒకనాడు ఆట తెరిచి ఆయన బొమ్మను చూపించిన.

"గిది ఎవలది?"

"నీదే అన్న. మనిద్దరం ఆడేటోళ్ళం. నువ్వు ముందు ఉరికేటోనివి."

అన్న కాసేపు చూసిండు. మెరుస్తున్న మంటకు కండ్లు చిట్లించిండు. "నేను గిది ఎన్నడు ఆడలే" అని ఫోను పక్కకు నూకిండు. నేను మళ్ళ ఏదో చెప్పబోతే గట్టిగ అరిచిండు. "నేను గట్లన్నని నువ్వంటవు, నేను గది తెమ్మన్నని అవ్వంటది, నేను గట్ల చేసిన్నని గల్లీల ప్రతోడు వచ్చి చెప్తడు! నా సంగతి నాకు తప్ప అందరికి తెలుసా? మీరు ఏది చెప్తే గది నమ్మాల్నా నేను?"

అవ్వ ఉరికొచ్చింది. అన్న గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. ఆ తర్వాత బయటికి పోవుడు తగ్గించిండు. ఎవరన్నా వచ్చి "ఏం తమ్మీ, గుర్తుపట్టినవా?" అంటే చాలు, లేచి లోపలికి పోయేటోడు. గుర్తున్నోళ్ళను కూడా గుర్తులేదనేటోడు.

పుస్తకాలు మాత్రం గుర్తున్నయి. పోకముందు చదివినయి కదా. అవి మళ్ళ తీసిన. కాయిదం మీది బొమ్మలకు తలనొప్పి రాదు. కుడి చేత్తోని పేజీలు తిప్పేటోడు. ముందటి లెక్క నాలుగు పేజీలు ఉరుకుతలేడు. ఒక్క బొమ్మ కాడ అట్లనే కూసునేటోడు. "ఆగు, ఇప్పుడు చూడు ఏమైతదో" అనే మాట నేను ఎంత ఎదురుచూసినా రాలే.

మరుసటి ఎండకాలం కార్పెంటరన్న సెలవు మీద వచ్చిండు. ఇంటికి పోయి పిల్లలను చూసుకొని, రైలెక్కి నిజామాబాద్ వచ్చిండు. స్టేషనుకు నేను పోయిన. ఎన్నో నెలల నుంచి మాట్లాడుతున్న మనిషిని మొదటిసారి చూస్తున్న. నేననుకున్నదాని కంటే పెద్దాయన. చెవుల పక్కన జుట్టు తెల్లబడ్డది. చేతిల కొబ్బరికాయల సంచి. "చెల్లమ్మా" అని నవ్వి, వెంటనే కండ్లు తుడుచుకున్నడు.

అన్నకు పొద్దున్నే చెప్పి పెట్టిన. నీ రూముల ఉన్న మనిషి వస్తుండు, నిన్ను పిల్లగాని లెక్క చూసుకున్నడు అని. తల ఊపిండు. కార్పెంటరన్న గడప కాడ చెప్పులు విడుస్తుంటే లేచి నిలబడ్డడు. అంగీ సర్దుకున్నడు.

"రాండ్రి, కూసోండ్రి," అన్నడు. "మీరు నా రూముల ఉంటిరట."

ఆ చివరన 'ట' వినబడ్డప్పుడు ఆ మనిషి మొఖం నేను చూసిన. ఏదో చప్పున ఆరిపోయినట్టైంది. వెంటనే సర్దుకున్నడు.

"అవునండి," అన్నడు. "ఉన్నానండి."

అక్కడ ఈయన ఒరే అని పిలిస్తే, అన్న అరే అన్నా అని పలికేటోడట. అది తర్వాత చెప్పిండు నాకు.

అవ్వ కోడికూర వండి వడ్డించింది. ఆయన తలవంచుకొని తిన్నడు. బాపు వానల గురించి అడిగిండు, వరి గురించి చెప్పిండు. అన్న గోడ మీది క్యాలెండరు చూస్తుండు. ఒకరినొకరు అంత ఎరిగినోళ్ళు అట్ల కూసుంటే చూడలేం. నేను లేచి వంటింట్లకు పోదామనుకునేలోపల కార్పెంటరన్న అడిగిండు, "ఆ ఉప్పు పిల్ల కథ ఎంతవరకు వచ్చిందండీ?"

అన్న మొదటిసారి ఆయన దిక్కు సరిగ్గ చూసిండు. "మీరు గూడ చదువుతరా?"

"నాకు ఇంగ్లీషు ఎక్కడిదండి? మీరు చెప్పేవోరు. వంట చేసుకుంటూ రోజూ కొంచెం కొంచెం చెప్పేవోరు."

"ఏం చెప్పిన?"

కార్పెంటరన్న చెయ్యి కడుక్కొని వచ్చి గడంచె చివరన కూసున్నడు. చెప్పుడు మొదలువెట్టిండు. ఉప్పు పిల్ల మా మంజీర నది దాటుతదట. వాన పడితే చెరుకు బండి కింద పండుకుంటదట. డేగకు నోట్ల పండ్లు లేవని చెరుకు ముక్క నమిలి పెడ్తదట. ఒక దీవిల పెద్ద ఫ్యాక్టరీ ఉంటదట. పొగగొట్టం ఉంటది, పొగ రాదు. ఆ ఊరోళ్ళు ఆకాశం దిక్కు చూసుకుంటూ దాని కిందనే కూసుంటరట. డేగ మాత్రలు వేసుకోవడం మర్చిపోతే పిల్ల తిడ్తదట.

ఇవేవీ ఆ పుస్తకాలల్ల లేవు. మంజీర లేదు, చెరుకు లేదు, మాత్రలు లేవు. నేను అవ్వ దిక్కు చూసిన. అవ్వ కొంగు నోట్ల పెట్టుకుంది. బాపు అట్లనే చూస్తుండు.

"గిట్ల లేదు బుక్కుల" అన్నడు అన్న.

"ఏమోనండి. మీరు ఇలాగే చెప్పేరు."

అన్న వాదిస్తడేమో, మళ్ళ అరుస్తడేమో అని నాకు భయమైంది. అరవలే. కొంచెం ముందుకు వంగి, "ఇంకా?" అన్నడు.

ఆయన చెప్తనే ఉన్నడు. ఎండ వాకిట్ల నుంచి గోడ మీదికి ఎక్కింది. అన్న అడ్డం రాకుండ విన్నడు. ఒక్కోచోట అన్నకే నవ్వొచ్చేది. తను కల్పించిన మాటకు తనే కొత్తగ నవ్వుతుండు. చివరికి పిల్ల, డేగ ఒక తెగిన వంతెన కాడికి వచ్చిండ్రు. అవతల ఊరు కనబడుతుంది, దాటే దారి లేదు. కార్పెంటరన్న అక్కడ ఆగిండు.

"తర్వాత?"

"ఇంతేనండి. అక్కడివరకే చెప్పేరు. ఆ మర్నాడే మరి..." అని మాట మింగిండు.

అన్న నొసలు చిట్లించి, కండ్లు మూసుకొని, ఎక్కడో వెతికినట్టు చేసిండు. కుడి చేత్తోని తల మీది మచ్చను రాసుకున్నడు.

"నాకు తెల్వదు," అన్నడు. "తర్వాత ఏమైతదో నాకు తెల్వదు."

కార్పెంటరన్న మరునాడు పోయిండు. బస్టాండుల, "నన్ను గుర్తుపట్టకపోయినా పర్లేదు చెల్లమ్మా, నవ్వేడు కదా" అన్నడు. బస్సు కదిలినంక కిటికీ దిక్కు చూస్తే మొఖం మీద రుమాలుంది.

ఇదంత జరిగి కొన్నేండ్లైంది. జపానుల ఆ కథ ఇంకా ఒడవలేదట. కార్టూను రెండో భాగం వచ్చింది. బోధన్‌ల ఒక ప్రైవేటు బడిల నేను తెలుగు చెప్తున్న. మా పిల్లలు ఆ ఉప్పు పిల్ల బొమ్మ ఉన్న సంచులు మోసుకొస్తరు, పక్క ఊరు వర్ని నుంచి వచ్చే పిల్లలు కూడా. నేనేమీ అనను. అన్న పొద్దున పూట తన పాత దోస్తు షాపుల కూసుంటడు. ఫోన్లకు గ్లాసు అంటిస్తడు. ఎడమ చెయ్యి కొద్దిగ ఆడుతుంది. పోయిన కాలం ఏదీ తిరిగి రాలే. అడుగుడు కూడా మానేసిండు.

మొన్న షాపు నుంచి వచ్చి అన్నం తింటుంటే ఫిట్స్ వచ్చినయి. చానా రోజుల తర్వాత. అవ్వ, నేను పట్టుకున్నం. తగ్గినంక మొఖం తుడిచి పండుకోబెట్టినం. అవ్వ నీళ్ళ కోసం లేచింది. అన్న కండ్లు తెరిచి పైకప్పు చూసుకుంటూ అడిగిండు.

"చెల్లె, నేను దుబాయిల మంచిగుంటినా?"

మంచిగనే ఉంటివి అని చెప్పడానికి నోరు తెరిచిన. పైపులు మోసిన సంగతి నాకు కూడా దాచిన మనిషి, ఎట్లున్నడో నాకేం తెలుసు? నవ్వుతుంటే విన్న. ఏడ్చినట్టు ఒక్కసారి విన్న. మిగిలింది ఆయనకు మాత్రమే తెలిసిన ముచ్చట. అది ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు.

"నాకెరుక లేదన్న" అని చెప్పిన.

అన్న తల ఊపిండు. అవ్వ నీళ్ళు తెచ్చింది. రెండు గుటకలు తాగి, చలి పెడుతుంది, ఫ్యాను బందు చెయ్యమన్నడు. బందు చేసి దుప్పటి కప్పిన.